మెత్తబడిన చాకుతో కనిగిరి దాకా

గుంటూరు నుంచి కనిగిరి వెళ్ళడాన్ని ఎవరూ ప్రయాణం అనరు. కాశీకో యెరూషలేముకో వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తే జనం చదువుతారు గానీ, బస్సెక్కి పోయే ఊరి గురించి రాసేదేముందని మా ఇంట్లోనే నవ్వారు. కనిగిరి ముఖం చూడనివాళ్ళు మా ప్రత్తిపాడులో సగానికి పైగా ఉన్నారు. పేపర్లలో మా మెట్ట గురించి రాసేది మిర్చి ధర పెరిగినప్పుడూ పడిపోయినప్పుడూ మాత్రమే. మధ్యలో ఇక్కడ మనుషులు బతుకుతున్నారన్న సంగతి వాళ్ళకు పట్టదు. అందుకే రాస్తున్నాను.

వెళ్ళింది ఒక చాకు కోసం.

ప్రత్తిపాడు

నేను అంటు కట్టేవాణ్ణి. నిమ్మ, బత్తాయి, రేగు, ఏదైనా సరే. మంచి చెట్టు నుంచి ఒక కన్ను తొక్కతో సహా ఒలిచి, నాటు మొక్క బెరడు చీల్చి అందులో కూర్చోబెట్టి కట్టడం. బడికి వెళ్ళింది తక్కువ. అక్షరాలు చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని నేర్చుకున్నాను, మిగతాది లైబ్రరీలో అట్టలు ఊడిన పుస్తకాల దగ్గర. ఆ పుస్తకాల్లోనే ఉక్కు గురించి కూడా చదివాను, చాకు మీదే బతికేవాడికి అది తెలియాలి కాబట్టి.

నా చాకు మడత చాకు. ఇత్తడి పిడి, చూపుడువేలంత బ్లేడు. విరిగిన లారీ కమాను పట్టాలోంచి తీసి సాగగొట్టింది. దాన్ని చేసింది కనిగిరి ఆచారి ఒకాయన, పేరు బ్రహ్మయ్య. వయసులో ఉన్నప్పుడు అక్కడొక రైతు బత్తాయి తోటలో అంటు కట్టడానికి వెళ్లాను. అప్పుడు అక్కడి చర్చిలో కోత పండుగ జరుగుతోంది. చేలో పండినదాంట్లో మొదటిది తెచ్చి గుడిలో పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. వాటి మధ్య ఈ చాకు. బ్రహ్మయ్య మా మతంవాడు కాదు. కొలిమి పక్క వీధే మా వాళ్ళది కాబట్టి ఏటా ఏదో ఒకటి తెచ్చి పెట్టేవాడట. "మాకు చేను లేదండి, మా పంట ఇదే" అని పాస్టరు గారి చేతిలో పెట్టాడు. నాతో పోటీపడి ఒక మాస్టారు పాట పెంచాడు. ఆయనకు పెన్సిళ్ళు చెక్కుకోవడానికట. నేను వదల్లేదు.

ఇన్నేళ్ళుగా అంటు కట్టింది దానితోనే. ఇప్పుడు నా వేళ్ళు బిగుసుకుపోయాయి, బలం పెట్టి కోయలేను. ఈ చాకుకు బలం అక్కర్లేదు, బెరడు మీద ఆనిస్తే చాలు దిగేది. అందుకే ఈ వయసులో కూడా పని ఆపలేదు. ఆ చాకు పోతే నా పనీ పోయినట్టే. ఈ మాట మా దానియేలుకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

దానియేలు నా భార్య తమ్ముడు. మొన్న పత్తి చేలో కట్టె పీకించి కుప్పలేసి తగలబెట్టాం. పత్తికట్టె నిప్పు ఎంత తీవ్రంగా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు. మా వాడు ఆ నిప్పుల మీద ఎండుచేప కాల్చుకుందామనుకున్నాడు. పుల్ల దొరకలేదట. గట్టు మీద నేను పెట్టిపోయిన చాకుకు చేప గుచ్చి, బ్లేడు నిప్పుల్లో ఉంచి, కల్లు కుండ దగ్గరికి పోయి కబుర్లలో పడ్డాడు. నేను వచ్చేసరికి చేప బొగ్గయింది. బ్లేడు కొన నుంచి సగం దాకా నీలం రంగు తిరిగింది.

ఉక్కు గురించి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. చాకు గట్టిదనం ఉక్కులో పుట్టుకతో రాదు. ఎర్రగా కాచి నీళ్ళలోనో నూనెలోనో ఒక్కసారిగా ముంచితే వస్తుంది. అలా ముంచింది మరీ పెళుసు, గాజులా పగులుతుంది. అందుకని మళ్ళీ సన్నసెగ మీద కాచి, పెళుసు కొంత దించుతారు. ఆ రెండోసారి సెగ ఎక్కువైతే గట్టిదనం కూడా దిగిపోతుంది. నీలం తిరిగిందంటే చాకు బాగా మెత్తబడినట్టు.

"రంగు మారితే ఏమైంది బావా, చాకు చాకేగా" అన్నాడు దానియేలు.

"గోరుతో కోసుకో ఇక. రెండూ ఒకటే."

"కొత్తది కొనిపెడతాలే."

"కొనవద్దు. సంచి సర్దుకో. నాతో కనిగిరి వస్తున్నావు."

గుంటూరు, మిర్చి యార్డు

పెద్ద ప్రయాణంగా మొదలుపెట్టాం. సంచిలో నీలం తిరిగిన చాకు, దానితో పాటు ఒక విదేశీ చాకు. నేను నిమ్మతోటకు అంట్లు కట్టిపెట్టిన డాక్టరు గారు ఒకాయన అభిమానంతో ఇచ్చింది అది. యార్డు బయట ఒక కొట్లో మూడోది చూశాను. పెట్టె మీద జర్మన్ స్టీల్ అని బంగారు అక్షరాలు. కొట్టాయన కుర్రాడు కాదు, నా కంటే పదేళ్ళు చిన్నవాడై ఉంటాడు.

"ఇది ఏ ఉక్కండీ?"

"స్టీలేనండి."

"ఏ స్టీలు?"

"మంచి స్టీలండి."

"గట్టిదనం ఎట్టా ఉంటుంది?"

"అబ్బో, చాలా గట్టిదండి. మేడ మీద నుంచి పడేసినా విరగదు."

విరగకపోవడం వేరు, గట్టిదనం వేరు. సీసం ముక్క కూడా విరగదు. ఈ మాట ఆయనకు నిలబెట్టి చెప్పాను. ఓపిగ్గా విని, "రెండు తీసుకుంటే తగ్గిస్తానండి" అన్నాడు. నూట ఎనభై ఇచ్చి ఒకటే కొన్నాను. దానియేలు చేత డబ్బులు ఇప్పించాను.

యార్డులోకి వెళితే ముక్కు, కళ్ళు, గొంతు, మూడూ ఒకేసారి మండుతాయి. బయటివాళ్ళు తుమ్ముతూ పరుగెత్తుతారు. అక్కడ పుట్టినట్టు తిరిగే ఆడవాళ్ళు కాయల మధ్య కూర్చుని టీ తాగుతుంటారు. గోతాలను అక్కడ టిక్కీలు అంటారు. వాటి మూతి కుట్టు కోసి కాయ చూపించే హమాలీ ఒకాయన, కోటయ్యట, నేను చాకులు తీసి వరసగా పెట్టడం చూసి ఆగాడు.

"ఏంది తాతా అన్ని చాకులు? ఎవరి మీద కక్ష?"

"వీడి మీద" అని దానియేలును చూపించాను.

"అయితే చిన్న చాకు సరిపోదు" అన్నాడు కోటయ్య.

మూడింటితోనూ జనుము కుట్టు కోసి చూడమన్నాను. కొత్త స్టెయిన్‌లెస్ చాకు మొదటి రెండు టిక్కీలకు బాగానే తెగింది. తర్వాత పురికొస మీద జారడం మొదలుపెట్టింది. తుప్పు పట్టదు, నిజమే. దాని మంచి గుణం అదొక్కటే. డాక్టరు గారి చాకు మాత్రం అడ్డూ ఆపూ లేకుండా కోసుకుంటూ పోయింది. లోహాన్ని పొడి చేసి, మళ్ళీ ఒత్తి ముద్ద చేసిన ఉక్కు అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ దాని పదును పోయిన రోజున నా సానరాయి దాన్ని అరగదీయలేదు. నెల రోజులు రుద్ది చూశాను, రాయే గుంట పడింది. చివరికి డాక్టరు గారే మళ్ళీ పదును పెట్టించి పంపారు. పైగా బ్లేడు వీపు మందం. బెరడులోకి దిగదు, మేకులా చీలుస్తుంది.

నా నీలం చాకు కుట్టు మీద అంచు మడుచుకుంది. కోటయ్య దాన్ని గోటితో తాకి పెదవి విరిచాడు. తర్వాత తన చాకు తీశాడు. విరిగిన హాక్సా బ్లేడు ముక్క, సగానికి సైకిల్ ట్యూబు చుట్టింది. కుట్టు మీద సర్రున లాగాడు, తెగిపోయింది. "దీనికి పేరూ లేదు, పెట్టే లేదు" అన్నాడు.

ఆ ముక్క నాకిమ్మని అడగాలనిపించింది. కానీ అది మరీ పెళుసు, అంటు కట్టేటప్పుడు కాస్త వంచితే ఠక్కున పోతుంది. ప్రతి ఉక్కూ ఏదో ఒకటి ఇచ్చి ఏదో ఒకటి తీసుకుంటుంది. ఆ రెంటికీ మధ్య తూకం బ్రహ్మయ్యకు కుదిరింది, నాకు కావలసింది ఆ తూకమే.

ఒంగోలు దాటాక

రాత్రి ఒంగోలులో మా చర్చి స్నేహితుల ఇంట్లో పడుకుని, పొద్దున్నే పొదిలి మీదుగా పోయే కనిగిరి బస్సెక్కాం. అట్టు, అల్లం పచ్చడి బస్టాండు దగ్గర బాగున్నాయి. మా వైపు అల్లం పచ్చడిలో కారం ముందు తగులుతుంది, ఇక్కడ బెల్లం ముందు తగులుతుంది. దానియేలు దీని మీద హోటలువాడితో వాదనకు దిగాడు. ఆ వాదన కోసం వాడు మళ్ళీ రెండు అట్లు తిన్నాడు.

బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ జామకాయలతో కూర్చుంది. పళ్ళు లేక కొరకలేకపోతోంది. కోసిపెడతానని సంచిలోంచి ఒక చాకు తీశాను. అది స్టెయిన్‌లెస్‌ది, జామ గింజల మీద ఆగిపోయింది. డాక్టరు గారిది తీశాను. మూడోది కూడా బయటికి వచ్చేసరికి ముందు సీట్లో పిల్ల కెవ్వుమంది. కండక్టరు పరుగున వచ్చాడు.

"పెద్దాయనా, ఆ ఆయుధాలు లోపల పెట్టండి. లేకపోతే పోలీస్ స్టేషన్ దగ్గర దించేస్తా."

"జామకాయ కోస్తున్నానయ్యా."

"ఒక్క కాయకి మూడు చాకులా?"

ఒకప్పుడు ఈ బస్సులోనే ప్రతి మగవాడి మొలలో చాకు ఉండేది. పొగాకు పురికొస కోసుకోవడానికి, చెరుకు చెక్కుకోవడానికి, పశువు కాల్లో ముల్లు తీయడానికి. దాన్ని చూసి ఎవరూ కేకలేయలేదు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు. వాటితో గొంతులు తెగుతున్నా ఎవరికీ భయం లేదు. ఇదంతా కండక్టరుకు చెప్పాను. ఆయన టిక్కెట్లు కొట్టుకుంటూ పోయాడు. పెద్దావిడ మాత్రం, "ఆ రెండో చాకుతో కొయ్యి నాయనా, అది బానే తెగుతోంది" అంది.

పొదిలి దాటాక పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్లు కనబడ్డాయి. పొడుగాటి గోడలు, పైన పొగగొట్టం. కొన్నింటికి తలుపులు లేవు, లోపల మేకలు. ఆకు కాల్చే రోజుల్లో ఈ దారంతా తియ్యటి వాసన ఉండేది. బస్సు కిటికీ తెరిస్తే చాలు, ఏ ఊళ్ళో ఆకు ఎంత పండిందో చెప్పగలిగేవాళ్ళం. ఆ వాసన కోసం కిటికీ తీశాను. దుమ్ము వచ్చింది. దానియేలు తుమ్మాడు గానీ కిటికీ మూయలేదు. వాడికీ గుర్తొచ్చినట్టుంది. మా అత్తగారు బ్యారన్లలో కర్రలకు ఆకు గుచ్చి వాణ్ణి పెంచింది.

కనిగిరి

కొండ అలాగే ఉంది. మనుషులు కట్టిన కోట గోడలు కూలినా దాని మీది రాళ్ళు కదల్లేదు. ఊరు మాత్రం పెరిగింది. బ్రహ్మయ్య కొలిమి ఉన్న చోట ఇప్పుడు వెల్డింగు షాపు, గ్రిల్లులు, గేట్లు. బ్రహ్మయ్య పోయి చాలా ఏళ్ళయిందట. కొడుకు సుబ్బాచారి కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని బయటికి వచ్చాడు. మర్యాదస్థుడు. చాకు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాన్న చేసిందేనండి. పిడి మీద ఈ గీత ఆయనదే. కానీ నేను గేట్లు చేస్తాను. ఈ పని నా చేతికి రాలేదు."

"మరి ఎవరికి వచ్చు?"

అతను లోపలికి తిరిగి, "అమ్మా" అన్నాడు.

రమణమ్మ గారు బయటికి రావడానికి ముందే ఆమె గొంతు వచ్చింది. "ఎవరు అబ్బయ్యా? గేటు బేరమైతే తగ్గించేది లేదని చెప్పు." నడుము వంగింది. పళ్ళ మీద గోధుమ మచ్చలు. ఆ వైపు ఫ్లోరైడు నీళ్ళ గుణం అది, వయసు మీద పడ్డవాళ్ళ ఎముకలనూ వదలదు. చాకు చేతికివ్వగానే చీర చెంగుతో తుడిచి వెలుతురులో పెట్టింది.

"ఎవరు కాల్చారు దీన్ని?"

దానియేలు నా వెనక్కి జరిగాడు.

"నేనేనమ్మా. ఎండుచేప..."

"చేప బాగుండిందా?"

"మాడిపోయిందమ్మా."

"రెండు పోగొట్టావు" అంది.

ఆ రోజుల్లో కొలిమి తిత్తి ఊదింది ఆమేనట. బ్రహ్మయ్య సమ్మెట కొడితే, ఎప్పుడు తీయాలో ఎప్పుడు ముంచాలో ఆమె కేక వేసేది. పొగాకు సీజన్లో బ్యారన్ దగ్గర ఆకు రంగు చూసే పని కూడా చేసింది. "మా ఆయన కంటే నాకే బాగా తెలుసు" అని నలుగురి ముందూ చెప్పింది. కొడుకు నవ్వాడు.

"చేస్తా, అన్నా. కానీ ఒక మాట. ఒకసారి ముంచిన ఉక్కును మళ్ళీ ముంచితే పగిలినా పగలొచ్చు. పగిలితే నన్ననొద్దు. ఇట్టాగే మెత్తగా దాచుకుంటావా, చెప్పు" అందామె.

దాచుకుంటే బ్రహ్మయ్య చాకు ఉంటుంది, నా పని ఉండదు. ముంచితే రెండూ ఉండొచ్చు, రెండూ పోవచ్చు. నా వేళ్ళ వంక చూసుకుని, ముంచమన్నాను.

కొలిమి దగ్గర

సుబ్బాచారి పెరట్లో ఇటుకలు పేర్చి బొగ్గు పోసి, తిత్తి బదులు కరెంటు బ్లోయరు పెట్టాడు. చాకు శీల ఊడగొట్టి బ్లేడు విడిగా తీశాడు. ఇక వాదన మొదలైంది. నేను చదివిన ప్రకారం కమాను ఉక్కును నూనెలో ముంచాలి. నూనె మెల్లగా చల్లారుస్తుంది, పగుళ్ళు రావు. ఆమె నీళ్ళు అంటుంది.

"ఏ పుస్తకంలో ఉంది అన్నా, నూనె?"

"లైబ్రరీ పుస్తకంలో."

"ఆ రాసినాయనకి నూనెకు ఎవరు డబ్బులిచ్చారో. మాకు ఎవరూ ఇయ్యలా. మా బావి నీళ్ళు తాగితే మనిషి వంగిపోతాడు గానీ ఉక్కు వంగదు. తాగడానికి క్యాను నీళ్ళు కొంటన్నాం, ఇనుముకు బావి నీళ్ళే."

చివరికి గోరువెచ్చని నీళ్ళ మీద వేలెడు మందం వేరుశనగ నూనె తేలేసి ఇద్దరం ఒప్పుకున్నాం. బ్లేడు ముందు నూనెలోంచి దూరి నీళ్ళలోకి దిగుతుంది. ఎప్పుడు తీయాలన్న దాని మీద మాత్రం నా పుస్తకానికే విలువ దక్కింది. ఉక్కు సరైన ఎరుపుకు వచ్చాక అయస్కాంతానికి అంటుకోదు. సుబ్బాచారి పాత స్పీకరు అయస్కాంతం తెచ్చాడు. పటకారుతో బ్లేడు తీసి ఆనించాడు, అంటుకుంది. మళ్ళీ నిప్పులో. మళ్ళీ ఆనించాడు, జారిపోయింది. "ఇంకొంచెం" అన్నాను నేను. "ఇప్పుడు" అంది ఆమె. సుబ్బాచారి తల్లి మాటే విని ముంచాడు.

నూనె బుస్సుమంది. పొగ కళ్ళల్లోకి కొట్టింది. ఆ పొగలో, చిన్నగా, గాజు గ్లాసుకు గోరు తగిలినట్టు ఒక చప్పుడు.

దానియేలు పొగలోకి వంగి చూశాడు.

రమణమ్మ గారు బ్లేడు తీసి, నూనె తుడిచి, ఆకురాయి పెట్టి గీసింది. ఆకురాయి కొరకలేక జారింది. గట్టిదనం వచ్చింది. కొన దగ్గర, గోరంత వెడల్పున, వెంట్రుకలాంటి గీత. పగులు.

"నీళ్ళ వల్లే" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది గానీ నోరు ఆగలేదు.

ఆమె బ్లేడును దాగలి అంచున పెట్టి, ఆ పగులు మీద సుత్తితో చిన్న దెబ్బ వేసింది. నన్ను అడగలేదు. కొన టప్పున ఎగిరి దానియేలు కాళ్ళ దగ్గర పడింది.

"ఆ పగులు ఉంచితే రేపు లోపలికి పాకుతుంది" అంది. "అంటు కట్టేదానికి కొన దేనికి అన్నా నీకు. పొట్టిదైతేనే వేలికి దగ్గరగా ఉంటుంది."

ఆ మాట నిజం. నిజమని ఒప్పుకోవడానికి నాకు కాస్త టైం పట్టింది.

మిగిలిన పని ఆమె కూర్చుని చేసింది. బ్లేడును రాయి మీద మెరిసేదాకా రుద్దించి, ఎర్రగా కాలిన ఇనుప పలక మీద వీపు ఆనించి పెట్టింది. తెల్లటి లోహం మీద రంగు నెమ్మదిగా పాకింది. నేను గోధుమ రంగు రావాలని చదివాను. ఆమె దాన్ని పొగాకు రకాల రంగులతో చెప్పింది.

"ఇదిగో, నిమ్మపండు. ఈ రంగుకు తీస్తే ఇంకా పెళుసు. ఉండు... ఇదిగో మంచి ఆకు, నారింజ. ఇదే మొదటి రకం. ఇంకొంచెం ఆగామా, మాడాకు, కొనేవాడు ఉండడు." నారింజ దగ్గరే నీళ్ళలో పడేసింది. ఆకు అమ్ముడుపోయే రంగుకూ చాకు నిలబడే రంగుకూ ఆమె కంట్లో తేడా లేదు. నా పుస్తకంలోని గోధుమ రంగు ఆమె నారింజకు ఒక అడుగు అవతల ఉంది. ఎవరిది సరైనదో నాకిప్పటికీ తెలియదు.

సైకిలు పుల్లతో కొత్త శీల వేశారు. పెరట్లో నిమ్మ చెట్టు ఉంది. పెన్సిలంత కొమ్మ మీద చాకు ఆనించాను. వేళ్ళతో నొక్కలేదు. బెరడు విడిపోయింది, లోపలి పచ్చ పొర చిరగలేదు. ఒక కన్ను ఒలిచి పక్కనే మొలిచిన నాటు మొక్కకు కట్టాను. దానియేలు కట్టు బట్ట పట్టుకున్నాడు.

మధ్యాహ్నం జొన్నసంగటి, గోంగూర పచ్చడి పెట్టారు. మా వైపు గోంగూరకు ఎర్రకాయ వేస్తాం, వీళ్ళు పచ్చిమిర్చి నూరతారు. మాదే బాగుంటుంది. పని చేసినందుకు ఏమివ్వాలన్నాను. నిమ్మ అంటు కట్టావుగా, అంతే అంది.

బయల్దేరే ముందు, విరిగిన ముక్క నా చొక్కా జేబులో ఉందని గుర్తొచ్చింది. ఏరి దాచుకున్నాను, ఎందుకో తెలియదు. తీసి విరిగిన ముఖం చూశాను. మంచి ఉక్కో చెడ్డదో చెప్పేది ఆ ముఖమే. చెడ్డపని అయితే పంచదార పలుకుల్లా మెరుస్తుంది. ఇది బూడిద రంగులో, పట్టుబట్ట అంచులా నునుపుగా ఉంది. ఒక్క పలుకు లేదు.

"చూడండమ్మా" అని చూపించాను.

ఆమె ముక్కను అరచేతిలో పెట్టుకుని ఎండలోకి నడిచింది. కళ్ళు చిట్లించి చాలాసేపు చూసింది.

"ఆయన చేసినవి ఒక్కటీ విరగలా అన్నా. విరిగితేగా లోపల కనబడేది" అంది. "ఇన్నేళ్ళకు ఇప్పుడు చూస్తన్నా."

నేను చెయ్యి చాపలేదు. ఆమె ఆ ముక్కను చెంగు కొసకు ముడి వేసుకుంది. బస్సుకు టైమైందని సుబ్బాచారి చెబుతున్నా, ముడి బిగిసిందో లేదోనని మళ్ళీ ఒకసారి లాగి చూసుకుంది.